పాట వెనుక హమ్ము

నాణెం వేసి మీట నొక్కితే కోరిన పాటను వినిపించే పెట్టెకు అమెరికా దేశంలో జూక్‌బాక్సు అని పేరు. 1930 మొదలు 1960 వరకు గల మూడు దశాబ్దాలలో ఆ దేశపు పానశాలలలోను, ఫలహారశాలలలోను, నృత్యశాలలలోను అది కనిపించని చోటు అరుదు. ఆనాటి పెట్టెలను నేడు కొందరు అభిమానులు సేకరించి, మరమ్మతు చేసి, మరల పాడిస్తున్నారు. ఎన్నో ఏండ్లు మూలపడి ఉన్న పెట్టెను విద్యుత్తుకు తగిలించగానే చాలసార్లు ముందుగా వినిపించేది పాట కాదు. గదినంతటినీ నింపే ఒక మంద్రమైన, ఎడతెగని మ్రోత. పాట మొదలైనా అది ఆగదు, పాట ముగిసినా ఆగదు. సాంకేతిక నిపుణులు దీనిని హమ్ము అంటారు.

ధ్వనిని ప్రసారం చేయడమే వృత్తిగా గల మాకు హమ్ము చిరకాల విరోధి. అందుచేత దాని పుట్టుపూర్వోత్తరాలను కొంత విచారించదలచాము. విచారించగా తేలే ముఖ్య విషయం ఒకటున్నది. హమ్ము ఆ యంత్రానికి ముసలితనంలో కొత్తగా పట్టిన జబ్బు కాదు. అది యంత్రం పుట్టిననాడే దానిలో ఉన్నది. ఆనాటి ఇంజనీర్లు చెరువుకు కట్టలు పోసినట్లు ఒకదాని వెనుక ఒకటిగా కట్టలు పోసి దానిని అణచి ఉంచారు. ఇప్పుడు వినిపిస్తున్నదంటే ఆ కట్టలలో ఎక్కడనో గండి పడిందని అర్థం. ఆ కట్టలు ఏవో, ఎప్పుడు ఎందుకు పోశారో తెలిసినవానికి గండి ఎక్కడ పడిందో కనిపెట్టడం కష్టం కాదు. తెలియనివాడు చెరువంతా త్రవ్విపోస్తాడు.

జూక్‌బాక్సుకు మూలపురుషుని వంటి యంత్రానికి హమ్ము లేదు. 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని పాలె రాయల్ అనే పానశాలలో లూయీ గ్లాస్ అనే ఆయన ఎడిసన్ ఫోనోగ్రాఫును ఒక పెట్టెలో అమర్చి ఉంచాడు. దానికి నాలుగు వినికిడి గొట్టాలు. ఐదు సెంట్ల నాణెం వేసినవాడు గొట్టాన్ని చెవికి ఆనించుకొని పాట వినేవాడు. సూది కదలికే ధ్వనియైనది కాబట్టి అందులో వేరే శబ్దం చేరడానికి తావు లేదు. కాని ఆ పాట పక్కవానికి వినిపించదు. నలుగురు కూడి వినాలన్నా, దానికి తగినట్లు అడుగులు వేయాలన్నా ధ్వనిని పెంచే సాధనం కావలసి వచ్చింది.

ఆ సాధనం వాల్వు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ రెండు ధ్రువాల వాల్వును నిర్మించాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానిలో మూడవ ధ్రువాన్ని చేర్చి ఆడియాన్ అని పేరు పెట్టాడు. వాల్వులోని సన్నని ఫిలమెంటు ఎర్రగా కాగితే దాని నుండి ఎలక్ట్రాన్లు వెలువడి ఎదుటి ప్లేటును చేరుతాయి. నడుమనున్న జాలకం ఆ ప్రవాహాన్ని నియమిస్తుంది. జాలకానికి అందిన స్వల్పమైన కదలిక ప్లేటు వద్ద పెద్ద కదలికగా మారుతుంది. తొలి రోజులలో ఫిలమెంటును వేడిచేయడానికి ఒక బ్యాటరీ, ప్లేటుకు మరొక బ్యాటరీ ఉండేవి. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిక్కున, ఒకే తీరున సాగే ఏకముఖ ప్రవాహం. అందువల్ల ఆనాటి యాంప్లిఫైర్లలో కూడ హమ్ము లేదు. కాని బ్యాటరీలకు ఖర్చెక్కువ, బరువెక్కువ, ఆయువు తక్కువ. ఊరందరి దీపాలను వెలిగించే తీగ గోడలోనే ఉండగా దానినే వాడుకొనరాదా అనే కోరిక సహజమైనది. హమ్ము కథ ఆ కోరికతో మొదలైనది.

గోడలోని తీగ ఇచ్చేది ఏకాంతర ప్రవాహం. అది క్షణక్షణమూ దిక్కు మార్చుకుంటూ ఉంటుంది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థ మొదట సెకనుకు 133 ఆవృత్తులతో దీపాలను వెలిగించి, 1890 దశకంలో 60 ఆవృత్తులను స్థిరపరచింది. జర్మనీలో 50 నిలిచింది. మన దేశంలోనూ 50 ఆవృత్తులే. సెకనుకు 60 మార్లు కదిలే వస్తువు ఏదైనా, అది వీణ తీగ కానీ లౌడు స్పీకరు కాగితం కానీ, మన చెవికి ఒక మంద్ర స్వరంగా వినిపిస్తుంది. హమ్ము అంటే మరేమీ కాదు, విద్యుత్కేంద్రంలో తిరిగే యంత్రం మన పెట్టెలోనికి పంపే స్వరమే. ఆ స్వరాన్ని పాటలో కలవనీయకుండా ఆపడమే ఇంజనీర్లకు ఎదురైన సమస్య.

మొదటి కట్ట వాల్వులోనే పోశారు. ఫిలమెంటును ఏకాంతర ప్రవాహంతో వేడిచేస్తే దాని వేడిమి, దాని రెండు కొనల నడుమనుండే వోల్టేజి ప్రవాహంతో పాటు ఊగుతాయి. ఆ ఊపు ప్లేటును చేరి మ్రోత అవుతుంది. 1927లో వచ్చిన 226 రకపు వాల్వులో లావైన ఫిలమెంటును ఒకటిన్నర వోల్టులకే కాగేటట్లు చేశారు. లావైన లోహం త్వరగా చల్లారదు, వోల్టేజి తక్కువ కాబట్టి ఊపూ తక్కువ. అదే ఏడు వచ్చిన 227 రకంలో ఇంకను మేలైన ఉపాయం పన్నారు. వేడిచేసే తీగ వేరు, ఎలక్ట్రాన్లను వెలువరించే కాథోడు వేరు. పొయ్యిమీది కుండలో నీరు కాగినట్లు, కాథోడు హీటరు వేడిమిని మాత్రమే గ్రహిస్తుంది, దాని విద్యుత్తును గ్రహించదు. ఆ తరువాత చిన్న సంకేతాలను పెంచే వాల్వులన్నీ దాదాపుగా ఈ పద్ధతిలోనే తయారైనవి.

రెండవ కట్ట విద్యుత్ సరఫరాలో ఉన్నది. ప్లేటుకు ఏకముఖ ప్రవాహమే కావాలి. రెక్టిఫైరు వాల్వు ఏకాంతర ప్రవాహంలోని రెండు అర్ధభాగాలనూ ఒకే దిక్కుకు మళ్లిస్తుంది. మళ్లిన తరువాత కూడ ప్రవాహం సమంగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. రెండు అర్ధభాగాలూ ఒక దిక్కుకు వచ్చినందువల్ల 60కి బదులు సెకనుకు 120 అలలు. సంగీతం తెలిసినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చును: 60 మంద్ర షడ్జమైతే 120 దాని పై స్థాయి షడ్జం. ఈ అలలను అణచడానికి కండెన్సర్లను, ఇనుప మూలకం చుట్టూ తీగ చుట్టిన చోకును కలిపి వడపోత అమర్చారు. కండెన్సరు అల లేచినపుడు నిండి, పడినపుడు తన నిల్వను వదలుతుంది. 1930 ప్రాంతంలో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు వ్యాపించి, చిన్న డబ్బాలో పెద్ద నిల్వను ఇమిడ్చాయి. వీటిని గురించి ముందు మరల చెప్పవలసి ఉన్నది.

మూడవది లౌడు స్పీకరులో. 1925లో రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు రూపొందించిన కదిలే కాయిలు స్పీకరుకు బలమైన అయస్కాంతం కావాలి. శక్తివంతమైన శాశ్వత అయస్కాంతాలు చౌకగా దొరకని ఆ రోజులలో తీగచుట్టతో విద్యుదయస్కాంతాన్ని చేశారు. దాని పేరు ఫీల్డు కాయిలు. ఆ చుట్టనే విద్యుత్ సరఫరాలో చోకుగా కూడ వాడుకున్నారు. ఒకే చుట్ట రెండు పనులు చేసినందున ఖర్చు తగ్గింది. కాని అందులోని అలలు స్పీకరును కదిలించకుండా, ధ్వని కాయిలుకు వరుసలో మరొక చిన్న చుట్టను వ్యతిరేకదిశలో చేర్చి, ఒక మ్రోతను మరొక మ్రోతతో కొట్టివేశారు. నాలుగవ కట్ట కూడ ఇటువంటిదే. చివరి అంతస్తులో రెండు వాల్వులను జంటగా, ఎదురెదురుగా పనిచేయించడం. 1936లో వచ్చిన 6ఎల్6 రకపు వాల్వులు ఈ జంటలకు పేరుపొందాయి. సరఫరాలో మిగిలిన అల రెండు వాల్వులలోనూ సమంగా ప్రవహించి, ట్రాన్స్‌ఫార్మరులో ఎదురుబొదురుగా కలిసి రద్దవుతుంది. పాట మాత్రం రద్దు కాదు.

ఈ సాధనాలన్నీ సిద్ధమవుతున్న 1927లోనే గ్రాండ్ రాపిడ్స్ పట్టణపు ఏ.ఎం.ఐ. సంస్థ విద్యుత్తుతో ధ్వనిని పెంచి, కోరిన పాటను ఎన్నుకోనిచ్చే యంత్రాన్ని ప్రవేశపెట్టింది. రెండేండ్లలో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ఇంటిలో రికార్డులు కొనుక్కొనేవారు కరువైనారు. 1933 డిసెంబరులో మద్యనిషేధం రద్దయి పానశాలలు మరల తెరువగా, వాద్యబృందానికి జీతమివ్వలేని యజమాని ఒక మూల జూక్‌బాక్సును నిలిపాడు. మూతపడబోతున్న రికార్డుల పరిశ్రమకు అది ఊపిరి పోసింది. మరొక సంగతి ఇంతకన్న ముఖ్యమైనది. దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి శ్రామికులు ప్రొద్దుగూకిన తరువాత చేరి ఆడిపాడుకొనే చోట్లకు జూక్ జాయింట్లని పేరు. పెట్టెకు పేరు అక్కడనుండే వచ్చిందంటారు. వారి గాయకులకు ఆనాటి రేడియోలో చోటు దొరకడం అరుదు. వారి బ్లూస్ పాట ఊరూరా తిరిగినది ఎక్కువగా ఈ పెట్టెల ద్వారానే. అటువంటి పాటకూ దానిని విననెంచిన చెవికీ నడుమ అడ్డుగా నిలువగలిగినదే హమ్ము. కాబట్టి దానిని అణచిన శ్రమ కేవలం కర్మాగారపు ముచ్చట కాదు.

1942లో యుద్ధ కారణంగా ప్రభుత్వం జూక్‌బాక్సుల ఉత్పత్తిని ఆపించింది. ఉన్న పెట్టెలనే మరమ్మతు చేసుకొని వాడుకోవలసి వచ్చింది. యుద్ధం ముగియగానే 1946లో పాల్ ఫుల్లర్ రూపకల్పనలో వుర్లిట్జర్ 1015 వెలువడింది. రంగు వెలుగులతో, గాజు గొట్టాలలో పైకెగసే బుడగలతో అలరించిన ఆ నమూనా 56 వేలకు పైగా అమ్ముడుపోయింది. 1948లో సీబర్గ్ సంస్థ 50 రికార్డులను ఇరువైపులా వాయించి 100 పాటలనిచ్చే యంత్రాన్ని తెచ్చి, 1950లో దానిని 45 చుట్ల చిన్న రికార్డుకు మలచింది.

యుద్ధానంతరం తేలికైన అయస్కాంత పిక్ అప్‌లు వ్యాపించాయి. అవి రికార్డును అంతగా అరగదీయవు, ధ్వని స్వచ్ఛం. కాని అవి ఇచ్చే సంకేతం వోల్టులో వేయింట కొద్ది వంతులు మాత్రమే. పైగా రికార్డు చెక్కేటపుడు మంద్ర స్వరాలను తగ్గించి చెక్కుతారు. వాయించేటపుడు యాంప్లిఫైరు వాటిని తిరిగి పెంచాలి. 1954లో స్థిరపడిన ప్రమాణం ప్రకారం 60 ఆవృత్తుల స్వరం మధ్య స్వరాలకంటె సుమారు 6 రెట్లు ఎక్కువగా పెరుగుతుంది. అనగా హమ్ము స్వరాన్నే యాంప్లిఫైరు అన్నిటికన్న ఆదరంగా పెంచుతుంది. ఆ పెట్టెలోనేమో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, దీపాలు అన్నీ ఒకే కప్పు క్రింద కాపురం. అందుచేత పిక్ అప్ తీగకు అల్లిక లోహపు తొడుగు తొడిగి, దానిని ఎర్తుకు కలిపారు. ఇది ఐదవ కట్ట.

ఇక గండి పడే విధానం చూద్దాము. అన్నిటికన్న ముందు చెడేది ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు. దానిలో అల్యూమినియం రేకుమీద అతి పలుచని ఆక్సైడు పొర ఉంటుంది; తడి ద్రావణం దానిని కాపాడుతూ ఉంటుంది. ఏండ్లు గడచినకొద్దీ ద్రావణం ఎండుతుంది, నిల్వ తగ్గుతుంది, అలలు ఆగక పాటలోనికి పొర్లుతాయి. వాడక ఉంచినా ఆక్సైడు పొర క్షీణిస్తుంది. అందుచేత అరువదేండ్లు మూలనున్న పెట్టెను ఉన్నపాటున విద్యుత్తుకు తగిలించడం క్షేమం కాదు; కండెన్సరు పగలవచ్చును, రెక్టిఫైరు వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు మాడిపోవచ్చును.

మరొక హెచ్చరిక ఇంకను గట్టిగా చెప్పాలి. ఈ యాంప్లిఫైర్లలో 300 నుండి 400 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. తీగను గోడనుండి ఊడదీసిన తరువాత కూడ కండెన్సర్లు ఆ విద్యుత్తును పట్టి ఉంచుతాయి. అది ప్రాణాంతకం. దానిని తగిన రెసిస్టరు ద్వారా ఖాళీచేసి, మీటరుతో చూసి నిశ్చయించుకొన్న తరువాతనే చేయి పెట్టవలెను. ఈ విద్యలో గురువు లేనివారు చదివి ఆనందించి, పనిని తెలిసినవారికి అప్పగించడం ఉత్తమం. ఫీల్డు కాయిలు గల స్పీకరు ప్లగ్గును తీసి యాంప్లిఫైరును వెలిగించడం కూడ ప్రమాదమే. ఆ చుట్ట సరఫరాలో భాగమని పైన చెప్పాము.

నేర్పరియైన వైద్యుడు ముందు నాడి చూసినట్లు, నేర్పరియైన మెకానిక్కు ముందు స్వరం వింటాడు. పై షడ్జం, అనగా 120 వినిపిస్తే వడపోతను అనుమానించాలి. క్రింది షడ్జం, అనగా 60 వినిపిస్తే ఏకాంతర ప్రవాహం తిన్నగా ఎక్కడనో చొరబడుతున్నది: తెగిన ఎర్తు, చిట్లిన తొడుగు, లేదా ఒక వాల్వులో హీటరుకూ కాథోడుకూ నడుమ పడిన రంధ్రం. ఒక్క అపవాదం ఉన్నది. రెక్టిఫైరులోని రెండు ప్లేట్లలో ఒకటి పనిమానితే సరఫరా హమ్ము కూడ 60కి దిగి, ఎక్కువవుతుంది.

రెండవ పరీక్ష వాల్యూం కంట్రోలుది. దానిని పూర్తిగా తగ్గించినపుడు హమ్ము మారకపోతే దోషం కంట్రోలుకు తరువాతి భాగంలో ఉన్నది: చివరి వాల్వులలోనో, సరఫరాలోనో. పాటతో పాటు హమ్ము కూడ తగ్గిపోతే దోషం అంతకుముందున్నది: పిక్ అప్, దాని తీగ, తొలి వాల్వు. ఈ చిన్న పరీక్ష యంత్రాన్ని రెండు భాగాలు చేసి, వెదకవలసినదానిని సగానికి తగ్గిస్తుంది. తరువాత తొలి వాల్వునుండి చివరివైపుగా ఒక్కొక్కదానిని తీసి చూడాలి. ఏ వాల్వు తీసినపుడు మ్రోత ఆగిందో, ఆ వాల్వువద్దనో దానికి ముందో మూలం ఉన్నది.

చాలమంది మోసపోయే చోటు చివరి జంట. హమ్ము వినగానే కండెన్సర్లన్నీ మారుస్తారు, మ్రోత మాత్రం పోదు. జంటలో ఒక వాల్వు సత్తువ తగ్గినా, చచ్చిపోయినా, అలలు ఒకదానినొకటి రద్దుచేసుకొనవు. సరఫరాలో ఏనాడూ కొంత అల ఉన్నదే. జంట సమతూకంగా ఉన్నన్నాళ్లు అది చెవిని పడలేదు. కాడెద్దులలో ఒకటి కుంటితే బండి పక్కకు లాగుతుంది; తప్పు ఇరుసుది కాదు.

పిక్ అప్‌ను పరీక్షించేది మరొక విధం. రికార్డు అంచునుండి మధ్యకు సూది జరుగుతున్నకొద్దీ హమ్ము పెరిగినా తగ్గినా, మోటారుదో ట్రాన్స్‌ఫార్మరుదో అయస్కాంత క్షేత్రం పిక్ అప్‌ను తాకుతున్నదన్నమాట. మారకుండా ఉంటే తీగ తొడుగును, దాని టంకాన్ని, ప్లగ్గులను చూడాలి. దశాబ్దాల సిగరెట్టు పొగ, తేమ కలిసి ప్లగ్గు మీద పట్టిన చిలుము ఎర్తును తెంపడానికి చాలును. యంత్రాంగం రికార్డు మార్చే సమయంలో అనేక పెట్టెలు ధ్వనిని తామే మూసివేస్తాయి. ఆ మూసిన సమయంలో కూడ మ్రోత వినవస్తే అది సరఫరావైపుదని బలమైన సూచన.

కారణం తెలిసిన తరువాత చేయవలసినది స్వల్పం. కొత్త కండెన్సరు విలువ పాతదానికి దగ్గరగా ఉండాలి. మొదటి కండెన్సరును మితిమీరి పెద్దది చేస్తే హమ్ము తగ్గవచ్చును కాని రెక్టిఫైరు వాల్వుపై భారం పడుతుంది. మంచి పనివారు పాత అల్యూమినియం డబ్బాను తీసివేయరు. దాని తీగలు విడదీసి, కొత్తవాటిని అడుగున అమర్చుతారు. లేదా డబ్బాను తొలిచి కొత్తవాటిని దానిలోనే దాస్తారు. చూడడానికి 1946 నాటి రూపం, పనిచేయడానికి నేటి సత్తువ. ఇంత ఓపిక లేనివారు యాంప్లిఫైరునే ఊడపీకి ట్రాన్సిస్టరు యంత్రాన్ని బిగిస్తారు. హమ్ము పోతుంది, దానితో పాటు ఆ పెట్టెలో ఆనాటి మనుష్యులు ఆలోచించిన ఆలోచన కూడ పోతుంది.

జూక్‌బాక్సు మన పల్లెలకు రాకపోయినా హమ్ము మనకు పరాయిది కాదు. వాల్వు రేడియోలు మోగిన ఇండ్లలో దానిని ఎరుగనివారు లేరు. మీట త్రిప్పిన తరువాత వాల్వులు కాగేదాక ఆగి, వార్తలకు ముందుగా విన్న ఆ సన్నని మ్రోత ఇదే. మన ప్రవాహం 50 కాబట్టి అది 100 ఆవృత్తుల స్వరంలో పలికేది. 60 ఆవృత్తులకు నిర్మించిన అమెరికా జూక్‌బాక్సును, వోల్టేజి సరిచేసి, మన తీగకు తగిలిస్తే ఒక వింత జరుగుతుంది. సాధారణపు మోటారు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 78 చుట్లు తిరగవలసిన రికార్డు సుమారు 65 చుట్లే తిరిగి, పాట షడ్జంనుండి సాధారణ గాంధారానికి ఉన్నంత దూరం క్రిందికి దిగిపోతుంది. హమ్ము కూడ 120నుండి 100కు, సరిగా అంతే దిగుతుంది. పాటనూ మ్రోతనూ నడిపే శక్తి ఒక్కటేనని ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం లేదు.

బాగుపడిన పెట్టె ముందు నిలిచి వినేవారికి రెండు పాటల నడుమ వినిపించే నిశ్శబ్దం ఏమీ లేనట్లు తోస్తుంది. దానిలో 226, 227 వాల్వులను రూపొందించినవారి శ్రమ ఉన్నది. వ్యతిరేకంగా చుట్టిన చిన్న చుట్ట ఉన్నది. జంట వాల్వుల సమతూకమున్నది. గండి ఎక్కడో వెదకి పూడ్చిన మెకానిక్కు ఓపిక ఉన్నది. శ్రోతలు ఆ నిశ్శబ్దాన్ని గమనించకపోవడమే వారందరి పనికి దక్కిన మెప్పు. ధ్వనితో బ్రతికే మాబోటివారు మాత్రం, పాట మొదలయ్యే ముందు, దానిని కూడ ఒక్క క్షణం వింటాము.